పొగ ఎటైనా పైకే పోతుందా? ఒక గొట్టం, రెండు నిప్పులు

కవితలూ కథలూ దాటుకుని ఇక్కడిదాకా వచ్చినవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను: ఇది పొగగొట్టం గురించిన వ్యాసం. సీఎస్‌ఈ వాళ్లకి పొగగొట్టంతో పనేంటి అని మెకానికల్ ఫ్రెండ్స్ నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. కానీ మీ ఊళ్లో, మీ అమ్మమ్మగారింట్లోనో నాన్నమ్మగారింట్లోనో కట్టెల పొయ్యీ, నీళ్లు కాచే రాగి బాయిలరూ ఇంకా ఉంటే మాత్రం చివరిదాకా చదవండి. ఇందులో ఉన్న ఫిజిక్స్ అంతా ఇంటర్‌లో చదివిందే. కాకపోతే అక్కడ మార్కుల కోసం చదివాం, ఇక్కడ ఊపిరి కోసం చదవాలి.

అసలు ప్రశ్న ఎక్కడ పుట్టింది

మా అమ్మమ్మగారి ఊరు చోడవరం. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. మా ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం ఇప్పటికీ "మాది వైజాగ్ జిల్లా" అనే చెప్తారు. చుట్టూ చెరకు తోటలు, బెల్లం గానుగలు. గోవాడలో సహకార చక్కెర ఫ్యాక్టరీ. అంటే నిప్పు, పొగ, గొట్టం అనేవి మా ఊరివాళ్లకి కొత్త విషయాలు కావు.

అమ్మమ్మకి గ్యాస్ ఉంది. టీ, టిఫిను, కూరలు గ్యాస్ మీదే. కానీ ఎక్కువమందికి అన్నం వండాలన్నా, పిండివంటలు చెయ్యాలన్నా పెరటివైపు వంటగదిలో కట్టెల పొయ్యి వెలగాల్సిందే. కొబ్బరి డొక్కలు, తాటిమట్టలు, సరుగుడు కట్టెలు పెరట్లో ఊరికే దొరుకుతుంటే సిలిండర్ ఎందుకు ఖర్చు చెయ్యాలి అనేది ఆవిడ లెక్క. ఆ లెక్క తప్పు అని నేను అనలేను. పక్కనే నీళ్లగది, అందులో రాగి బాయిలర్. తెల్లవారుజామున స్నానాలకి అదే.

మొన్న ఎండాకాలం అమ్మమ్మకి దగ్గు తగ్గకపోతే ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "సిగరెట్ తాగుతారా" అని కాదట. "కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్లు వండారు" అని. అమ్మమ్మ యాభై ఏళ్లు అని చెప్పిందట.

దాంతో మావయ్య వంటగది బాగు చేయించాలని, పొయ్యికి సరైన పొగగొట్టం పెట్టించాలని మేస్త్రిని పిలిచాడు. మేస్త్రి అనుభవమున్న మనిషి. ఆయన అన్న మాట ఇది: "పొయ్యికొకటి, బాయిలర్‌కొకటి రెండు గొట్టాలెందుకండీ, డబ్బు దండగ. బాయిలర్ గొట్టం తెచ్చి దీన్లోనే కలిపేద్దాం. పొగ ఎటైనా పైకే పోద్ది కదా." మావయ్య నాకు ఫోన్ చేసి "నువ్వు ఇంజనీరింగే కదా, చెప్పు" అన్నాడు. మన బ్రాంచ్ ఏంటో ఇంట్లోవాళ్లకి అనవసరం కదా! సరే, కూర్చుని లెక్క వేశాను. ఆ లెక్కే ఈ వ్యాసం.

పొగ తనంతట తాను పైకి పోదు

మేస్త్రి మాటలో అసలు చిక్కు అక్కడే ఉంది. పొగ ఎటైనా పైకే పోతుందని మనమూ అనుకుంటాం. నిజానికి పొగని పైకి తోసేది బయట ఉన్న చల్లగాలి. వేడి గాలి తేలిక, చల్లగాలి బరువు. గొట్టం నిండా వేడిగాలి ఉంటే, బయట అదే ఎత్తులో ఉన్న చల్లగాలి స్తంభం దానికంటే బరువుగా ఉంటుంది. ఆ బరువు పొయ్యి నోటి దగ్గర లోపలికి నొక్కుతుంది, లోపలున్న తేలిక గాలి పైకి పోతుంది. తక్కెడలో ఒకవైపు బరువెక్కితే రెండోవైపు లేచినట్టు. దీన్నే ఇంగ్లీషులో డ్రాఫ్ట్ అంటారు. మన మేస్త్రులు "లాగుడు" అంటారు. "ఈ గొట్టం లాగట్లేదు" అనే మాట మీరూ వినే ఉంటారు.

ఈ లాగుడు ఎంత ఉంటుందో లెక్క వేద్దాం. గొట్టం ఎత్తు 3 మీటర్లు. బయట 30 డిగ్రీలు, గొట్టంలో పొగ సగటున 150 డిగ్రీలు అనుకుందాం. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటర్ గాలి బరువు సుమారు 1.17 కిలోలు. 150 డిగ్రీల దగ్గర సుమారు 0.83 కిలోలు. తేడా 0.33 చిల్లర. దాన్ని ఎత్తుతో, 9.8తో గుణిస్తే వచ్చేది దాదాపు 10 పాస్కల్స్.

10 పాస్కల్స్ అంటే ఎంతో ఊహించుకోండి. గ్లాసు అడుగున ఒక్క మిల్లీమీటర్ నీళ్లు పోస్తే అడుగు మీద పడే ఒత్తిడి అంత. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో అది పదివేలవ వంతు. ఇంట్లో పొగంతా బయటికి వెళ్లేది ఈ ఒక్క మిల్లీమీటర్ నీళ్ల బలం మీదే.

ఇంకో చిన్న విషయం. పొగ చల్లబడి 60 డిగ్రీలకి వచ్చిందనుకోండి, అదే గొట్టంలో లాగుడు సుమారు 3 పాస్కల్స్‌కి పడిపోతుంది. మూడో వంతు కూడా లేదు. చలిదేశంలో బయట మైనస్ 5 ఉంటే, అదే గొట్టం, అదే 150 డిగ్రీల పొగ 14 పాస్కల్స్ దాకా ఇస్తుంది. అంటే గొట్టం ఒకటే అయినా మన ఊళ్లో లాగుడు తక్కువ. మన వాతావరణంలో పొగగొట్టానికి తప్పులు భరించే ఓపిక తక్కువన్నమాట. పైగా మన ఇళ్లు పొట్టి, గొట్టాలూ పొట్టి.

రాగి బాయిలర్ లోపల ఏముంది

హాస్టల్‌లో గీజర్ తప్ప ఇంకేమీ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. రాగి బాయిలర్ అంటే నిలువుగా ఉండే పెద్ద డబ్బా. మధ్యలో కింది నుంచి పైదాకా ఒక గొట్టం. గొట్టం కింద జల్లి, జల్లి మీద నిప్పు, కింద బూడిద పడే చోటు. గొట్టం చుట్టూ నీళ్లు. పక్కన కుళాయి. మధ్య గొట్టంలోంచి వేడి పైకి పోతూ చుట్టూ ఉన్న నీళ్లని కాస్తుంది. రష్యావాళ్ల సమోవార్ కూడా ఇదే సూత్రం. పాత ఆవిరి రైలింజన్‌లో కూడా నిప్పు వేడి గొట్టాల్లోంచి పోతే చుట్టూ నీళ్లు మరిగేవి. తేడా ఏంటంటే రైలింజన్‌లో ఆవిరిని బంధిస్తారు, మన బాయిలర్‌లో బంధించరు. మూత దగ్గర గాలి ఆడాలి. ఆవిరి వృథా అవుతోందని ఆ దారిని ఎప్పుడూ మూసెయ్యకూడదు. మూసేస్తే అది బాంబు.

కట్టె ఎంత పడుతుంది? ఒక మనిషి స్నానానికి 20 లీటర్ల నీళ్లని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకి తేవాలంటే దాదాపు 1,700 కిలోజౌళ్లు కావాలి. ఎండిన కట్టె కిలోకి సుమారు 15,000 కిలోజౌళ్లు ఇస్తుంది. అందులో పావు వంతు నీళ్లకి చేరిందనుకున్నా, అర కిలో కట్టెతో ఒకరి స్నానం అయిపోతుంది. అదే పని కరెంటుతో చేస్తే దాదాపు అర యూనిట్. అమ్మమ్మ ఇంట్లో నలుగురు, అంటే రోజుకి రెండు కిలోల డొక్కలు. అవి ఎలాగూ పెరట్లో పడి ఉంటాయి. అందుకే బాయిలర్ ఇంకా బతికుంది.

మిగతా ముప్పావు వంతు వేడి ఏమైందని అడుగుతారేమో. అందులో చాలా భాగం గొట్టంలోంచి పైకి పోయింది. అది పూర్తిగా వృథా కాదు. లాగుడు పుట్టించేది ఆ వేడే. పొగలోంచి వేడంతా పిండేస్తే పొగ పైకి పోవడానికి బలమే మిగలదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండూ కలిపితే ఏమవుతుంది

ఇప్పుడు అసలు విషయం. వంటపొయ్యి గొట్టంలోకి పక్క నుంచి బాయిలర్ గొట్టం తెచ్చి కలిపాం అనుకోండి. మూడు సందర్భాలు ఉంటాయి.

మొదటిది: పొయ్యి వెలుగుతోంది, బాయిలర్ ఆరిపోయి ఉంది. ఇప్పుడు బాయిలర్ నోరు ఒక తెరిచిన కన్నం. కొబ్బరిబోండం తాగేటప్పుడు స్ట్రాకి మధ్యలో చిల్లు పడితే ఏమవుతుంది? ఎంత పీల్చినా నీళ్ల బదులు గాలి వస్తుంది. ఇక్కడా అంతే. పెద్ద గొట్టం పొయ్యిలోంచి పొగని లాగే బదులు, నీళ్లగదిలోంచి చల్లగాలిని లాగుతుంది. ఆ చల్లగాలి పొగలో కలిసి దాన్ని చల్లబరుస్తుంది. చల్లబడితే లాగుడు ఎంత పడిపోతుందో పైన చూశాం. ఫలితం, పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మమ్మ మొహానికి పొగ.

రెండోది: రెండూ వెలుగుతున్నాయి. కిలో కట్టె పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం దాదాపు 5 ఘనమీటర్ల గాలి చాలు. కానీ నిజం పొయ్యిలో దానికి రెట్టింపు, ఇంకా ఎక్కువే పోతుంది. ఒక నిప్పుకి సరిపోయేలా కట్టిన గొట్టంలోకి రెండు నిప్పుల పొగ వస్తే రెండూ దారి కోసం పోటీ పడతాయి. సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే, లాక్ లేకుండా రెండు థ్రెడ్లు ఒకే రిసోర్స్ మీద పడినట్టు. ఎవరు గెలుస్తారో ముందే చెప్పలేం. అయితే కోడ్‌లో తప్పు జవాబు వస్తుంది, ఇక్కడ ఓడిపోయిన నిప్పు పొగ గదిలోకి వస్తుంది.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. తెల్లవారుజామున అయిదు గంటలకి గొట్టం మొత్తం చల్లగా ఉంది. బాయిలర్ అంటించారు. చల్లటి గొట్టంలో ఇంకా లాగుడు పుట్టలేదు. అప్పుడు పొగ ఏ దారి సులువైతే ఆ దారిన పోతుంది. పొయ్యి నోరు కింద తెరిచే ఉంది. పొగ వంటగదిలోకి దిగుతుంది. వంటగది పక్క వసారాలో ఎవరైనా పడుకుని ఉంటే? మా ఇంట్లో అక్కడ పడుకునేది అమ్మమ్మే.

"మరి పెద్ద గొట్టం వేస్తే సరి కదా" అని మావయ్య అడిగాడు. మంచి ప్రశ్నే. 10 సెంటీమీటర్ల గొట్టం బదులు 15 సెంటీమీటర్లది వేస్తే లోపలి వైశాల్యం రెండుంపావు రెట్లు అవుతుంది. రెండూ వెలిగినప్పుడు బానే ఉంటుంది. కానీ ఒక్కటే వెలిగినప్పుడు అదే పొగ సగం కంటే తక్కువ వేగంతో నెమ్మదిగా పోతుంది. ఎక్కువసేపు గొట్టంలో ఉంటుంది కాబట్టి ఇంకా చల్లబడుతుంది, లాగుడు తగ్గుతుంది. పొగలోని తారు గొట్టం గోడలకి అంటుకుంటుంది. నల్లగా, జిగటగా పేరుకునే ఈ తారు తర్వాత ఎప్పుడో నిప్పురవ్వ తగిలితే గొట్టం లోపలే మండుతుంది. పైన తాటాకు కప్పో, దూలమో ఉంటే చెప్పక్కర్లేదు. పచ్చి కట్టె వాడితే తారు ఇంకా ఎక్కువ. అప్పుడే కొట్టిన కట్టెలో దాదాపు సగం బరువు నీళ్లే ఉంటాయి. ఆ నీళ్లని ఆవిరి చెయ్యడానికే బోలెడు వేడి పోతుంది, పొగ చల్లబడుతుంది.

కనిపించని శత్రువు

పొగ కనిపిస్తే కళ్లు మండుతాయి, బయటికి పరిగెత్తుతాం. అసలు భయపడాల్సింది కనిపించనిదానికి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే దాదాపు 200 రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, మగత. నిద్రలో ఉన్నవాళ్లకి అవి కూడా తెలియవు.

మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. మంట ఆరి, పొగ ఆగి, ఎర్రటి నిప్పుకణికలు మిగిలినప్పుడు "ఇంక పొగ లేదులే" అని తలుపులు వేసేస్తారు. ఆ కణికల నుంచే ఈ గ్యాస్ బాగా వస్తుంది. లంబసింగి వైపు చలికి గదిలో కుంపటి పెట్టుకుని పడుకునేవాళ్లకీ, కిటికీ లేని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టుకునేవాళ్లకీ ఇదే హెచ్చరిక. ఆక్సిజన్ సరిగా అందని నిప్పు ఎక్కడున్నా ఈ విషం పుడుతుంది.

ఇక రోజూ పీల్చే పొగ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఇళ్లలో వంట పొగ, ఇతర పొగల వల్ల 2020లో దాదాపు 32 లక్షల మంది చనిపోయారు. అందులో పిల్లలూ ఉన్నారు. అమ్మమ్మ దగ్గు ఆ లెక్కలోకి ఇంకా రాలేదు. రాకూడదనే ఈ గొడవంతా.

మిగతా ప్రపంచం ఏం చేస్తోంది

చలిదేశాల్లో గోడలో కట్టిన పాత నిప్పుగూళ్లు ఉంటాయి. ఆ గూట్లో ఇప్పుడు గాజు తలుపున్న ఇనప పొయ్యిని దూర్చి పెడుతున్నారు. దాన్ని ఇన్సర్ట్ అంటారు. అదే ఇంట్లో నీళ్లు కాచి గదులన్నీ వెచ్చబెట్టే బాయిలర్ కూడా ఉంటుంది. అక్కడా జనం అడిగే ప్రశ్న మా మేస్త్రి ప్రశ్నే: ఉన్న ఒక్క చిమ్నీలోకే రెండూ కలపొచ్చా?

అమెరికాలో చిమ్నీల ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211. కట్టెల పొయ్యి పొగదారిని ఇంకో పొయ్యితోనో బాయిలర్‌తోనో పంచుకోకూడదు, అలా కలపడానికే పరీక్షించి తయారుచేసినవైతే తప్ప అని అది చెప్తుంది. బ్రిటన్ నిబంధనల్లో కూడా ఒక్కో కట్టెల పొయ్యికి ఒక్కో సొంత దారి ఉండాలన్నదే పద్ధతి. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. వాళ్లు చిమ్నీ వేరు, పొగదారి వేరు అంటారు. ఇటుకలతో కట్టిన పెద్ద గూడు ఒక్కటే ఉండొచ్చు, దాని లోపల రెండు స్టీలు గొట్టాలు విడివిడిగా పైదాకా వెళ్లొచ్చు. బయటికి ఒకటే కనిపిస్తుంది, లోపల రెండు దారులు. మా సమస్యకి జవాబు ఇక్కడే దొరికింది.

మరి చక్కెర ఫ్యాక్టరీల్లో రెండు మూడు బాయిలర్లకి ఒకే పెద్ద చిమ్నీ ఉండొచ్చు కదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. అక్కడ పొగని లాగేది గాలి బరువు ఒక్కటే కాదు, పెద్ద పెద్ద ఫ్యాన్లు. ఒక బాయిలర్ ఆపితే దాని దారిని మూసే తలుపులు ఉంటాయి. రోజంతా కనిపెట్టుకుని ఉండే మనుషులుంటారు. మన వంటగదిలో ఇవేవీ లేవు. ఉన్నదల్లా ఆ 10 పాస్కల్స్.

మనవాళ్లు ఎప్పుడో ఆలోచించారు

ఇది చదువుతున్నప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. పొగరాని పొయ్యి అనే ఆలోచనకి మన హైదరాబాద్‌లో ఒక పాత చరిత్ర ఉంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు అనే ఇంజనీర్ మట్టితో కట్టుకోగలిగే పొగగొట్టం పొయ్యిని తయారుచేశారు. 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అని ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా వేశారు. అంతకుముందే 1947 ప్రాంతంలో వార్ధాలో మగన్ చూల్హా వచ్చింది. తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో అస్త్ర ఒలె వచ్చింది.

ఈ పొయ్యిల్లో ఉన్న తెలివి ఏంటంటే: నిప్పు ఒక్కటే, దాని వేడి దారిలో వరసగా రెండు మూడు గిన్నెలు, చివర పొగగొట్టం. మొదటి గిన్నెలో అన్నం ఉడుకుతుంది, తర్వాతి గిన్నెలో మిగిలిన వేడికి నీళ్లు కాగుతాయి. మా ఊరివైపు బెల్లం వండే చోట రెండు పెనాల పొయ్యిలు కూడా ఇదే పద్ధతి. ముందు పెనంలో పాకం, వెనక పెనంలో పచ్చి రసం వేడెక్కుతూ ఉంటుంది, ఆ వెనక ఇటుకల గొట్టం. రెండు నిప్పుల్ని ఒక గొట్టంలోకి తోస్తే పోటీ. ఒక నిప్పుని రెండు గిన్నెల మీదుగా నడిపిస్తే పైప్‌లైన్. సీఎస్‌ఈ వాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

దీనికీ హద్దుంది. వరసలో గిన్నెలు ఎక్కువైతే పొగ మరీ చల్లబడి లాగుడు పోతుంది. ఇంకో హద్దు మా ఇంటిది. స్నానాలు తెల్లవారి అయిదింటికి, వంట తొమ్మిదింటికి. రెండు అవసరాలూ ఒకే టైమ్‌లో లేకపోతే పైప్‌లైన్ పనిచెయ్యదు. "నీళ్ల కోసం అన్నం అయిదింటికే వండాలా" అని అమ్మమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది.

ప్రభుత్వం కూడా 1980లలో మెరుగైన పొయ్యిల జాతీయ పథకం మొదలుపెట్టింది. 2002లో అది ఆగేసరికి దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచారు. వాటిలో చాలావాటి జాడ లేదు. ఎందుకు? మన పక్క రాష్ట్రం ఒడిశాలో దీనికి జవాబు దొరుకుతుంది. తర్వాత 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎస్తేర్ డుఫ్లో, ఇంకో ఇద్దరు పరిశోధకులు కలిసి అక్కడి పల్లెల్లో గొట్టం ఉన్న పొయ్యిల్ని నాలుగేళ్లపాటు గమనించారు. మొదటి ఏడాది వంట చేసేవాళ్లు పీల్చే పొగ తగ్గింది. తర్వాత తగ్గడం ఆగిపోయింది. పొయ్యి పగిలితే అతికేవాళ్లు లేరు, గొట్టం శుభ్రం చేసేవాళ్లు లేరు. నెమ్మదిగా వాడటమే మానేశారు. ల్యాబ్‌లో గెలిచిన డిజైన్ ఇంట్లో ఓడిపోయింది. మనం ప్రాజెక్టు డెమో రోజున పనిచేసే కోడ్ రాస్తాం చూడండి, అలా.

కాబట్టి గొట్టం పెట్టడం సగం పనే. మసి దులపడానికి వీలుగా పెట్టడం మిగతా సగం.

చివరికి ఏం కట్టించాం

ఇటుకలతో ఒకటే గూడు. లోపల పొయ్యికి ఒకటి, బాయిలర్‌కి ఒకటి, రెండు విడి గొట్టాలు, పైదాకా ఎక్కడా కలవకుండా. ఖర్చు పెరిగింది ఒక్క గొట్టం మేరకే. మేస్త్రికి చూపించడానికి నేను బొమ్మ గీసి పంపాను. ఆయన చూసి "గూడు ఒకటేగా, దాందేముంది, కట్టేద్దాం" అన్నాడు. మీ ఇంట్లో కూడా ఈ పని చేయిస్తే గుర్తుంచుకోవాల్సినవి ఇవి:

గొట్టం ఇంటికప్పు దాటే చోటు నుంచి కనీసం 3 అడుగులు పైకి ఉండాలి. చుట్టూ 10 అడుగుల దూరంలో ఉన్న దేనికంటే అయినా 2 అడుగులు ఎత్తుండాలి. లేకపోతే పక్క మేడ మీంచి దిగే గాలి పొగని వెనక్కి తోస్తుంది.

వంపులు వీలైనంత తక్కువ. ప్రతి వంపూ ఆ 10 పాస్కల్స్‌లో కొంత తినేస్తుంది.

ఇటుకల రక్షణ లేని వట్టి రేకు గొట్టానికి చెక్క, తాటాకు, వైర్లు లాంటివి కనీసం 18 అంగుళాల దూరంలో ఉండాలి. ప్లాస్టిక్ గొట్టం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టం మిగిలి ఉంది కదా అని కొయ్యకండి, ఆ పొడి ఊపిరితిత్తులకి క్యాన్సర్ తెస్తుంది.

రెండు గొట్టాలకీ అడుగున మసి తీయడానికి చిన్న తలుపు. వాడకాన్ని బట్టి నెలకో రెండు నెలలకో బ్రష్ వెయ్యాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ మావయ్యది. క్యాలెండర్‌లో రాసి పెట్టాం, ఒడిశా కథ మళ్లీ జరగకుండా.

గాలి బయటికి పోవాలంటే లోపలికి రావాలి. కిటికీ తెరిచి ఉంచాలి. కిటికీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యానో, ఈ మధ్య అందరూ పెట్టించుకుంటున్న కరెంటు చిమ్నీయో వేస్తే, అది గదిలో గాలిని లాగేసి పొగగొట్టంలోని పొగని కిందకి దింపుతుంది. ఫ్యాన్ ముందు 10 పాస్కల్స్ ఏపాటి!

కట్టెలు ఎండినవే వాడాలి. వానాకాలానికి ముందే వసారాలోకి చేర్చుకోవాలి.

ఇంకో మాట. పొగగొట్టం ఎంత బాగున్నా గ్యాస్‌కీ కరెంటుకీ సాటి రాదు. పొగ వంటగదిలోంచి పోయినా వీధిలోకే కదా పోయేది. 1999లో దీపం పథకం నుంచి 2016లో ఉజ్వల, 2024 దీపావళికి మొదలైన ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దాకా అన్నీ చెప్పేది ఇదే. అమ్మమ్మ కూడా రోజువారీ అన్నం గ్యాస్ మీదకి మార్చడానికి ఒప్పుకుంది. పిండివంటలకి మాత్రం పొయ్యే అని షరతు పెట్టింది. ఆవిడ షరతు ఆవిడది.

ఈ సంక్రాంతికి ఊరెళ్తారు కదా, భోగి రోజున తలంట్లకి బాయిలర్ ఎలాగూ వెలుగుతుంది. అప్పుడు ఒక చిన్న టెస్ట్ చెయ్యండి. కిటికీలు మామూలుగా ఎలా ఉంటాయో అలాగే ఉంచి, ఒక అగరుబత్తి వెలిగించి బాయిలర్ నోటి దగ్గర పట్టుకోండి. దాని పొగ లోపలికి వంగితే లాగుడు ఉన్నట్టు. నిటారుగా నిలబడితే అనుమానించాలి. మీ మొహం వైపు వంగితే తలుపులు బార్లా తెరిచి, నిప్పు తీసి బయట పోసి, అందరినీ గదిలోంచి పంపించి, మేస్త్రికి ఫోన్ చెయ్యండి. పక్కనే ఆరిన పొయ్యి ఉంటే దాని దగ్గర కూడా అగరుబత్తి పట్టండి. అందులోంచి పొగ వస్తోందంటే ఎవరో ఎప్పుడో రెండు గొట్టాలూ కలిపేశారన్నమాట. ఈ టెస్ట్‌కి అయ్యే ఖర్చు ఒక్క అగరుబత్తి.